పాటల సేకరణకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, ఫ్లాక్, రెండు డిస్కుల నాస్ పెట్టె: ఒక సమీక్ష

అల్మరాలో పేరుకుపోయిన సీడీలను, క్యాసెట్లను, ఎల్పీలను కంప్యూటరులోకి ఎక్కించుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగేది ఎంత జాగా పడుతుందని. కాగితం మీద లెక్క వేసుకుంటే ఆ ప్రశ్నకు జవాబు చిటికెలో దొరుకుతుంది. అంత సులభంగా తేలనివి వేరే రెండున్నాయి. ఎక్కించిన ప్రతి పాటా డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా వచ్చిందా? వచ్చినది కొన్నేళ్ల తరువాత కూడా చెక్కుచెదరకుండా ఉంటుందా? ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకొని, నేను వాడుతున్న మూడింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. సీడీలను చదివే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి, పాటలను దాచే ఫ్లాక్ ఫార్మాట్ రెండవది, ఇంట్లో నెట్‌వర్క్‌కు తగిలించుకునే రెండు డిస్కుల స్టోరేజీ పెట్టె (నాస్) మూడవది. మొదటి రెండూ నిస్సందేహంగా మంచివి. మూడవది ఉపయోగకరమే గాని, దాని అట్టపెట్టె మీద రాసినంత భద్రత అది ఇవ్వదు.

సీడీ నుంచి పాటను తీసుకోవడం ఫైలును కాపీ చేయడం లాంటిదేనని చాలామంది అనుకుంటారు. ఆడియో సీడీలో అసలు ఫైళ్లంటూ ఉండవు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఒక్కొక్క నమూనాకు 16 బిట్ల చొప్పున, రెండు ఛానెళ్ల ధ్వని ఒకే ధారగా చుట్టలు తిరిగి ఉంటుంది. ఆ ధారను సెకనుకు 75 సెక్టార్లుగా విభజిస్తారు, ఒక్కో సెక్టారులో 2,352 బైట్లుంటాయి. డేటా సీడీలో ఇదే సెక్టారులో 2,048 బైట్లను మాత్రమే సమాచారానికి వాడుకొని, మిగిలినవాటిలో సింహభాగాన్ని తప్పులు సరిదిద్దే అదనపు సంకేతాలకు కేటాయిస్తారు. ఆడియో సీడీకి ఆ అదనపు కాపలా లేదు. అందుకే గీత పడిన డేటా సీడీ తప్పు దొర్లినప్పుడు మొరాయించి ఆగిపోతే, గీత పడిన ఆడియో సీడీ మాత్రం లోపించిన నమూనాలను పక్కనున్నవాటిని బట్టి ఊహించి పూరించుకుంటూ ఏమీ జరగనట్టే పాడుకుంటూ పోతుంది. వినేటప్పుడు ఇది వరమే. శాశ్వతంగా దాచుకోవడానికి కాపీ తీసేటప్పుడు మాత్రం ఇదే శాపం, ఎందుకంటే మామూలు ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు ఆ పూరించిన శబ్దాన్నే అసలు శబ్దమని రాసుకొని, పని పూర్తయిందని చెప్పేస్తాయి.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీ విలువ సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. జర్మనీకి చెందిన ఆండ్రే వీట్‌హాఫ్ 1998 నుంచి అభివృద్ధి చేస్తూ వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్, సురక్షిత పద్ధతిలో నడిపినప్పుడు ప్రతి సెక్టారునూ కనీసం రెండుసార్లు చదివి పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే పదహారేసి సార్లు మళ్లీ చదివి, అందులో ఎనిమిదిసార్లు ఒకే ఫలితం వస్తే దానిని అంగీకరిస్తుంది, రాకపోతే మనం ఎంచుకున్న పట్టుదల స్థాయిని బట్టి మరికొన్ని విడతలు ప్రయత్నిస్తుంది. అత్యధిక స్థాయిలో ఒక్క సెక్టారును 82 సార్ల వరకు చదువుతుంది. శుభ్రమైన డిస్కు కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. గీతలున్న డిస్కు పెట్టినప్పుడు తెర మీద తప్పుల వరుసలో ఎర్ర గడులు ఒక్కొక్కటిగా వెలగడం మొదలవుతుంది, వేగం పడిపోతుంది, డ్రైవు మూలుగుతూ ఒకేచోట ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఒక్క పాటకే గంట పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. అంత ప్రయత్నించి కూడా కుదరనప్పుడు, పాటలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర అనుమానం ఉందో లాగ్ ఫైలులో రాసి పెడుతుంది. ఆ చోటికి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకొని వింటే చిన్న టిక్కుమనే శబ్దం వినిపించవచ్చు, ఏమీ వినిపించకపోనూ వచ్చు. ఏదైనా సరే, తనకు తెలియనిది తెలియదని చెప్పే సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం కుదురుతుంది.

దీనికి తోడు ఆక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ సేవ ఉంది. ఇతరులు అదే ముద్రణకు చెందిన డిస్కును తమ తమ డ్రైవుల్లో చదివినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌లను అది భద్రపరుస్తుంది (చెక్‌సమ్ అంటే సమాచారం నుంచి లెక్కగట్టే, పోల్చి చూసేందుకు వాడే చిన్న సంఖ్య). మన కాపీ వాటితో కలిస్తే, ఎంతమంది ఫలితంతో కలిసిందో లాగ్‌లో కనిపిస్తుంది. ఎక్కడో వేరే డ్రైవులో, వేరే డిస్కు నుంచి తీసిన పాటతో మన పాట చివరి బిట్టు దాకా సరిపోయిందంటే అంతకు మించిన రుజువు అవసరం లేదు. అయితే ఒక్కో డ్రైవు మోడలు ధారను కొన్ని నమూనాలు ముందుగానో వెనుకగానో మొదలుపెడుతుంది కాబట్టి, ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌కు మొదట తెలియజేయకపోతే ఈ పోలిక కుదరదు. డేటాబేసులో ఉన్న ఒక ప్రసిద్ధ డిస్కును పెడితే ఆ సంఖ్య దానంతటదే పట్టుబడుతుంది. అరుదైన డిస్కులకు, ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లకు ఈ సేవలో జోడు దొరకదు. అటువంటప్పుడు ఒకసారి పరీక్షగా చదివి, రెండవసారి కాపీ తీసి, రెండు చెక్‌సమ్‌లనూ పోల్చే పద్ధతి ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. సమయం రెట్టింపవుతుంది గాని, చేయదగిన పనే.

లోపాలు లేకపోలేదు. ఇది విండోస్‌కే పరిమితం. మాక్ వాడేవారు ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్ వాడేవారు విప్పర్ వంటివాటిని ఆశ్రయించాలి. తెర చూడగానే పాతకాలపు వాసన కొడుతుంది, ఏ అమరిక ఏ మెనూలో ఉందో వెతుక్కోవలసి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన అమరిక మాత్రం సులభంగా కంటపడదు. చాలా డ్రైవులు చదివిన దానిని తమ తాత్కాలిక జ్ఞాపకమైన క్యాష్‌లో ఉంచుకుంటాయి, కాబట్టి రెండవసారి అడిగితే డిస్కును ముట్టుకోకుండా అదే సమాచారాన్ని తిప్పి ఇస్తాయి. తప్పును తప్పుతో పోల్చి ఒప్పనుకునే ప్రమాదం ఇది. డ్రైవుకు క్యాష్ ఉందని అమరికలలో టిక్కు పెడితేనే రెండుసార్లు చదవడానికి అర్థం ఉంటుంది. మొదటిసారి అమర్చుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించుకోవాలి. ఆ తరువాత దాని జోలికి పోనక్కరలేదు.

ఫ్లాక్ విషయానికి వస్తే చెప్పవలసింది తక్కువ. జోష్ కోల్సన్ మొదలుపెట్టిన ఈ ఫార్మాట్ తొలి స్థిర రూపం 2001లో వెలువడింది, 2003 నుంచి జిఫ్.ఆర్గ్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది, 2024 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9639 పేరిట ఇంటర్నెట్ ప్రమాణాల శ్రేణి పత్రంగా కూడా ప్రచురితమైంది. లైసెన్సు గొడవ లేదు, ఏ ఒక్క కంపెనీ దయా అక్కరలేదు. ఒక్క బిట్టు కూడా పోకుండా ధ్వనిని కుదిస్తుంది. 0 నుంచి 8 వరకు ఉన్న స్థాయిలు నాణ్యతను సూచిస్తాయని కొందరు పొరబడతారు. ఏ స్థాయిలో కుదించినా తిరిగి వచ్చే ధ్వని ఒకటే, మారేది కుదించడానికి పట్టే సమయమూ ఫైలు పరిమాణమూ మాత్రమే. 5వ స్థాయికీ 8వ స్థాయికీ మధ్య జాగాలో తేడా స్వల్పం కనుక దాని గురించి తల బద్దలుకొట్టుకోవలసిన పని లేదు.

ఇప్పుడు జాగా లెక్క చూద్దాం. కుదించని సీడీ ధ్వని నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ తింటుంది, అంటే 50 నిమిషాల డిస్కుకు 530 ఎంబీ. ఫ్లాక్ సాధారణంగా దీనిని సగానికీ డెబ్బై శాతానికీ మధ్యకు తెస్తుంది. సగటున అరవై శాతం అనుకుంటే డిస్కుకు 320 ఎంబీ, వెయ్యి డిస్కులకు 320 జీబీ. అవే వెయ్యి డిస్కులను 320 కేబీపీఎస్ ఎంపీ3లుగా పెడితే 120 జీబీ. రెండింటి మధ్య తేడా 200 జీబీ. నేడు దొరికే అతి సామాన్యమైన 1 టీబీ డిస్కులో రెండూ సులభంగా ఇముడుతున్నప్పుడు, ఆ 200 జీబీ మిగుల్చుకోవడానికి ధ్వనిలో కొంత భాగాన్ని శాశ్వతంగా వదులుకోవడంలో నాకు ఔచిత్యం కనిపించదు. ఫోనులో జాగా తక్కువైతే ఫ్లాక్ నుంచి ఓపస్ గానో ఏఏసీ గానో చిన్న ప్రతులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఎంపీ3 నుంచి ఫ్లాక్ తీస్తే మాత్రం పరిమాణం పెరుగుతుందే తప్ప పోయినది తిరిగి రాదు.

ఈ సగటు అన్ని రకాల సంగీతానికీ ఒకేలా వర్తించదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంతో మోగే ఆధునిక మిశ్రమాలు సరిగా కుదించుకోవు, ఒంటరి వాద్యమూ నెమ్మదైన గానమూ బాగా కుదించుకుంటాయి. పాత మోనో రికార్డింగులను సీడీల మీదికి ఎక్కించినప్పుడు రెండు ఛానెళ్లలోనూ అచ్చంగా ఒకే ధ్వని ఉంటే, ఫ్లాక్ ఆ రెండింటి మధ్య తేడాను సున్నాగా గుర్తించి రెండవ ఛానెలుకు దాదాపు జాగాయే కేటాయించదు. పాత పాటలు ఎక్కువగా ఉన్న సేకరణకు వేసిన అంచనా కన్నా తక్కువ జాగా పట్టడానికి ఇదొక కారణం. అయితే మోనో అని అట్ట మీద రాసి ఉన్నా, బదిలీ చేసేటప్పుడు రెండు ఛానెళ్లలో సన్నని బుస శబ్దం వేర్వేరుగా చేరి ఉంటే ఈ లాభం కరిగిపోతుంది. సేకరణలోని కొన్ని డిస్కులను నమూనాగా కుదించి చూశాకే స్టోరేజీ కొనుక్కోవడం మేలు.

ఫ్లాక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం వేరే. కుదించక ముందు ధ్వనికి ఉన్న ఎండీ5 అనే చెక్‌సమ్ సంకేతాన్ని ప్రతి ఫైలూ తన తలభాగంలో మోసుకు తిరుగుతుంది. ఎన్నేళ్ల తరువాతైనా పరీక్ష ఆదేశం ఇస్తే ఫైలును మొత్తం విప్పి, ఆ సంకేతంతో పోల్చి, చెడిందో లేదో తేల్చి చెబుతుంది. మూల డిస్కు చేతిలో లేకపోయినా ఈ పరీక్ష సాధ్యం. మామూలు ఎంపీ3 ఫైలుకు ఇటువంటి ఆత్మసాక్షి లేదు.

క్యాసెట్లు, ఎల్పీల సంగతి పూర్తిగా వేరు. అక్కడ తప్పొప్పులు తేల్చే చెక్‌సమ్‌లు ఉండవు, గంట పాటకు గంట పడుతుంది. క్యాసెట్ విషయంలో డెక్కు తల కోణాన్ని ఆ టేపుకు తగినట్టుగా సరిచేయకపోతే హెచ్చు శ్రుతి శబ్దాలు మొద్దుబారిపోతాయి, ఆ నష్టాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. హెడ్‌ఫోన్లలో వింటూ చిన్న స్క్రూను అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పుతుంటే, ఒకచోట తాళాల శబ్దం హఠాత్తుగా తెరుచుకుంటుంది. అదే సరైన స్థానం. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. శిఖరాలు పరిమితిని తాకకుండా కొంత వెసులుబాటు వదలాలి కాబట్టి 24 బిట్లలో రికార్డు చేయడం మంచిది. 96 కిలోహెర్ట్జ్ అవసరమా అన్నది వాదనకు తావున్న విషయమే, క్యాసెట్లకైతే అది వృథా అని నా అభిప్రాయం. జాగా కోణంలో ఇక్కడ గమనించవలసింది పని జరిగేటప్పుడు పట్టే చోటు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లలో 40 నిమిషాల ఎల్పీ ముడి రూపంలో 1.38 జీబీ అవుతుంది, ఫ్లాక్‌గా మార్చాక సుమారు 800 ఎంబీ అవుతుంది. ఆడాసిటీ మాత్రం లోపల 32 బిట్లలో పనిచేస్తుంది కనుక అదే రికార్డింగుకు 1.8 జీబీకి పైగా తీసుకుంటుంది, టిక్కుల తొలగింపు, గట్టితనం సవరణ వంటివి చేసిన ప్రతిసారీ వెనక్కి వెళ్లే వీలు కోసం మార్చిన భాగానికి మరో ప్రతిని దాచుకుంటుంది. చివరికి 1 జీబీ కూడా కాని ఎల్పీ కోసం పని మధ్యలో ఐదారు జీబీలు ఖాళీగా ఉండాలి.

పేర్లూ వివరాలూ చేర్చడానికి మ్యూజిక్‌బ్రైంజ్ పికార్డ్ వాడాను. అంతర్జాతీయంగా విడుదలైన డిస్కులను ఇట్టే గుర్తుపడుతుంది, మిగిలినవాటికి చేత్తో రాసుకోక తప్పదు. ఫ్లాక్ ట్యాగులు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి తెలుగు అక్షరాలకు ఇబ్బంది లేదు. ఒకే గాయకుడి పేరును నాలుగు రకాలుగా రాస్తే ప్లేయరు నలుగురు గాయకులను చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక పెట్టె సంగతి. రెండు డిస్కులు పట్టే నాస్ పెట్టెలో 4 టీబీ డిస్కులు రెండు వేసి, రెయిడ్ 1 పద్ధతిలో పెట్టుకున్నాను. ఈ పద్ధతిలో రెండు డిస్కులలోనూ ఒకే సమాచారం ఉంటుంది, కాబట్టి 8 టీబీకి డబ్బు పెట్టి 4 టీబీ వాడుకుంటాము. అదీ విండోస్‌లో 3.63 టీబీగా కనిపిస్తుంది. డిస్కు తయారుచేసేవారు టెరాబైటును వెయ్యి వెయ్యిల చొప్పునా, విండోస్ 1,024 చొప్పునా లెక్కించడమే దీనికి కారణం, ఎవరూ ఏమీ కొట్టేయలేదు. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపించేది కూడా ఇందుకే. పైన వేసిన లెక్క ప్రకారం వెయ్యి సీడీల సేకరణ ఇందులో పదవ వంతు కూడా నింపదు. పాటల వరకే అయితే 4 టీబీ అతి. ఎల్పీలు ఎక్కువగా ఉన్నవారికి, ఫోటోలూ వీడియోలూ కలిపి దాచుకునేవారికి ఆ పరిమాణం అర్థవంతం.

పెట్టె పనితీరులో వంక పెట్టవలసింది లేదు. సీడీ నాణ్యత గల ఫ్లాక్ ధార సెకనుకు సాధారణంగా 1 మెగాబిట్టుకు లోపే ఉంటుంది కాబట్టి ఏ పాత వైఫై అయినా దానిని మోయగలదు. అందువల్ల పాటల కోసం ఖరీదైన ఎస్‌ఎస్‌డీలు గాని, వేగంగా తిరిగే డిస్కులు గాని కొనడం దండగ. నెమ్మదిగా తిరిగేవి నిశ్శబ్దంగానూ చల్లగానూ ఉంటాయి. డిస్కు కొనేటప్పుడు చూడవలసింది అది రాత పట్టీలు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అన్నది. ఎస్ఎంఆర్‌లో రాత పట్టీలు ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, కాబట్టి పాతదాని మీద తిరగరాయవలసి వస్తే చాలా నెమ్మదిస్తుంది. చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం తిరిగి రాయించేటప్పుడు ఆ ఇబ్బంది బాగా తెలుస్తుంది. పెట్టెను వినే గదిలో పెట్టకూడదన్నది మరొక సూచన. నిద్రలో ఉన్న డిస్కులు మేలుకొనేటప్పుడు వచ్చే గరగర, నెమ్మదైన ఆలాపన మధ్యలో స్పష్టంగా వినిపిస్తుంది.

అసంతృప్తి ఉన్నది రెండు విషయాలలో. పెట్టెతో పాటు వచ్చిన సంగీతపు యాప్ నాసిరకం. పాటల మధ్య విరామం లేకుండా సాగవలసిన కచేరీ రికార్డింగులలో ప్రతి విభాగం చివరా అర సెకను తెగుతుంది, తెలుగు పేర్ల వరుసక్రమం తోచినట్టుగా ఉంటుంది. ఆ యాప్‌ను పక్కన పెట్టి, పెట్టెను కేవలం షేర్ చేసిన ఫోల్డరుగా వాడుకుంటూ వేరే ప్లేయరుతో వింటున్నాను. రెండవది ఇంతకన్నా గంభీరమైనది. రెండు డిస్కులు ఉన్నాయి కనుక పాటలు భద్రమనే భావన కలిగేలా ప్రచారం చేస్తారు. రెయిడ్ 1 కాపాడేది ఒక డిస్కు చెడిపోయిన సందర్భంలో మాత్రమే. పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే అదే క్షణంలో రెండు డిస్కులలోనూ పోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేసినా, విద్యుత్ పోటు వచ్చి పెట్టె కాలినా, దొంగ పెట్టెను ఎత్తుకుపోయినా రెండవ డిస్కు ఆదుకోదు. పైగా కొన్ని పెట్టెలు డిస్కులను తమదైన అమరికలో రాస్తాయి కాబట్టి, పెట్టె పోతే డిస్కు బాగున్నా కంప్యూటరుకు తగిలించి నేరుగా చదవడం అందరికీ సాధ్యం కాదు.

అందుచేత పెట్టెకు తోడుగా ఒక మామూలు యూఎస్‌బీ డిస్కు తప్పనిసరి. దానిలోకి పూర్తి ప్రతిని తీసి, తీగ పీకి, వీలైతే మరో ఇంట్లో ఉంచాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అని ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం పాటలకూ అంతే వర్తిస్తుంది. ఆ యూఎస్‌బీ డిస్కును అప్పుడప్పుడు తెచ్చి, ఫ్లాక్ పరీక్ష ఒకసారి మొత్తం మీద నడిపి, కొత్తగా చేరినవి కలిపి తిరిగి పంపితే సరి. చెడిన ఫైలు ఒక్కటి తేలినా, రెండవ ప్రతి నుంచి దానిని మార్చుకోవచ్చు. క్లౌడు కూడా వేరే చోటే అవుతుంది గాని, 320 జీబీ అప్‌లోడు చేయడానికి పట్టే కాలమూ, చెల్లింపు ఆపిన తరువాత జరిగేదేమిటన్నదీ ముందే ఆలోచించుకోవాలి.

ఇన్ని చూశాక, కేవలం పాటల కోసమే అయితే పెట్టె కొనమని అందరికీ చెప్పలేను. ఇంట్లో ఒక్కరే వినేవారైతే, ఒకే గదిలో వినేవారైతే, అదే డబ్బుతో 1 టీబీ యూఎస్‌బీ డిస్కులు మూడు కొని ఒకటి కంప్యూటరు దగ్గర, ఒకటి అల్మరాలో, ఒకటి బంధువుల ఇంట్లో పెట్టుకుంటే భద్రత ఎక్కువ, తలనొప్పి తక్కువ, డబ్బు కూడా మిగలవచ్చు. ఇంట్లో నలుగురు నాలుగు గదుల్లో వినేవారైతే, సీడీలతో పాటు ఎల్పీలూ ఫోటోలూ కూడా ఎక్కించే ఉద్దేశం ఉంటే, పెట్టె తీసుకోవచ్చు. అప్పుడు కూడా యూఎస్‌బీ డిస్కు ఖర్చును పెట్టె ఖర్చులో భాగంగానే లెక్క వేసుకోవాలి.